కృత్రిమ మేధ – అడుగువాడు చెప్పవలసిన సంగతులు

"వరి ఆకులు పసుపుబారుచున్నవి. ఏమి చల్లవలెను?"

ఈ ప్రశ్నను ఒక రైతు వ్యవసాయాధికారిని అడిగినచో, అనుభవముగల అధికారి వెంటనే ఎరువు పేరు గాని, మందు పేరు గాని చెప్పడు. ముందుగా తానే కొన్ని ప్రశ్నలు వేయును. పసుపుబారినవి క్రిందనున్న ముదురు ఆకులా, పైనున్న లేత ఆకులా? ఆకంతయు పసుపైనదా, ఈనెల నడుమ మాత్రమేనా? పైరు ఇంకను నారుమడిలో నున్నదా, నాటినచో ఎన్ని దినములైనది? పొలమంతయు ఒకే తీరుగా నున్నదా, అక్కడక్కడ మాత్రమే ఇట్లున్నదా? ఇంతవరకు ఏ ఎరువులు వేసిరి? వీనికి జవాబులు వచ్చిన పిదపనే ఆయన సలహా చెప్పును.

ఇదే ప్రశ్నను నేడు రైతు తన ఫోనులో చాట్‌జీపీటీ, జెమిని, క్లాడ్ మొదలగు కృత్రిమ మేధా సహాయకములను అడుగవచ్చును, తెలుగులోనే అడుగవచ్చును. 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీ ప్రజలకు అందుబాటులోనికి వచ్చినది మొదలు ఇట్టి సాధనముల వాడుక విద్యార్థులలోను, ఉద్యోగులలోను, వ్యాపారులలోను వేగముగా వ్యాపించినది. ఈ యంత్రములు ఒక్కొక్కప్పుడు ఎదురు ప్రశ్న వేయును. కాని పెక్కుమార్లు, అడిగినదే తడవుగా, చక్కని భాషలో, తడబాటు లేకుండ సమాధానము చెప్పివేయును. ఆ సమాధానము సామాన్యముగా వరికి సరిపోవచ్చును. ఆ రైతు పొలములోని వరికి సరిపోవునో లేదో నిర్ణయించుటకు యంత్రమువద్ద ఆధారము లేదు. ఆ ఆధారమును ఇయ్యవలసినవాడు అడుగువాడే.

ఒక లక్షణము, పెక్కు కారణములు

ఆకు పసుపుబారుట ఒక లక్షణము మాత్రమే. దాని వెనుక వేరువేరు కారణము లుండవచ్చును. నత్రజని చాలనప్పుడు మొక్క తన ముదురు ఆకులలోని నత్రజనిని లేత ఆకులకు తరలించుకొనును. కావున పసుపు రంగు ముందుగా క్రింది ఆకులలో కనిపించును. ఇనుము అట్లు సులభముగా తరలిపోదు. అది లోపించినప్పుడు లేత ఆకులే ముందుగా ఈనెల నడుమ పసుపుబారి, క్రమముగా తెల్లబడును. నీరు నిలువని నారుమళ్లలో ఈ లోపము ఎక్కువ. ఏలయనగా నీరు నిలిచిన నేలలో ఇనుము కరుగు రూపమునకు మారి వేళ్లకు అందును. గాలి ఆడు నేలలో కరుగని రూపమున ఉండిపోవును. జింకు లోపమైనచో నాటిన రెండు మొదలు నాలుగు వారములలో ఆకులపై తుప్పురంగు మచ్చలు పుట్టును. లేత ఆకుల మొదటిభాగమున నడిమి ఈనె పాలిపోవును. పైరు అక్కడక్కడ గిడసబారును. టుంగ్రో అను వైరస్ తెగులైనచో ఆకులు కొనలనుండి పసుపు లేక నారింజ రంగునకు మారును. దుబ్బులు పొట్టిగా నుండిపోవును. దీనిని పచ్చ దీపపు పురుగులు ఒక మొక్కనుండి మరియొక మొక్కకు చేరవేయును.

ఇప్పుడు "యూరియా చల్లుడు" అను ఒకే సలహాను ఈ నాలుగింటికిని పట్టించి చూడవచ్చును. నత్రజని లోపమైనచో అది మేలు చేయును. ఇనుము, జింకు లోపములకు అది మందు కాదు. టుంగ్రోకు అంతకన్న కాదు. పురుగును అదుపు చేయవలసిన దినములు వృథాగా గడచిపోవును. పైగా నత్రజని మితిమీరినచో అగ్గితెగులు, సుడిదోమ విజృంభించును. ప్రశ్నలో విడిచిపెట్టిన ఒక్క వాక్యము – పసుపుబారినది ముదురు ఆకా, లేత ఆకా యనునది – పంట ఖర్చును మార్చగలదు.

యంత్రము ఊహించు విధము

ఈ సాధనముల లోపల పనిచేయునది భాషా నమూనా. అది అపారమైన లిఖిత గ్రంథరాశిపై శిక్షణ పొంది, ఇంతవరకు వచ్చిన మాటలనుబట్టి తరువాత రాదగిన మాట ఏదియో లెక్కకట్టును. ఆ మాటను చేర్చి, మరల లెక్కకట్టును. ఇట్లు మాటవెంట మాటగా సమాధానము తయారగును. పిదప మనుష్యుల తీర్పులను ఆధారముగా గొని దానికి ఇచ్చిన శిక్షణ సంభాషణకు అనువైన నడతను నేర్పును. కాని మూలసూత్రము మాత్రము ఇదియే: ముందున్న మాటలే రాబోవు మాటలను నిర్ణయించును.

తెలుగులో "పాలు" అను మాటను గ్రహింపుడు. దాని ముందు "ఆవు" ఉన్నచో అది త్రాగు పాలు. "పంటలో మూడవ" అని యున్నచో అది వాటా. "కష్టపడి కూర్చినది దొంగల" అని యున్నచో అది మరియొక అర్థము. ఆ ఒక్క మాటను విడిగా వ్రాసి చూపినచో పండితుడు కూడ అర్థము నిశ్చయింపలేడు. పొరుగు మాటలు చేరినకొలది సందేహము తగ్గును.

ఈ సందేహము ఎంత తగ్గునో కొలిచినవాడు అమెరికా దేశపు గణితవేత్త క్లాడ్ షానన్. ఆయన 1948లో సమాచార సిద్ధాంతమును ప్రతిపాదించి, 1951లో ఇంగ్లీషు ముద్రిత వాక్యములతో ఒక ప్రయోగమును ప్రకటించెను. వాక్యములోని తరువాతి అక్షరమును ఊహింపుమని మనుష్యులను అడుగుటయే ఆ ప్రయోగము. 26 అక్షరములు, మాటల నడుమ ఖాళీ కలిసి 27 గుర్తులు. ముందు ఏమున్నదో తెలియక, అన్ని గుర్తులకు సమానావకాశము ఉన్నదనుకొన్నచో, సందేహము సుమారు 4.76 బిట్లు. బిట్ అనగా ఒక "అవును – కాదు" ప్రశ్నతో తీరు సందేహము. ముందున్న 100 అక్షరములు తెలిసినప్పుడు ఆ సందేహము 0.6 – 1.3 బిట్ల నడుమకు దిగుచున్నదని షానన్ అంచనా వేసెను. దాదాపు అయిదు ప్రశ్నలు కావలసినచోట ఒక్కటి చాలునన్నమాట. ఈ తగ్గుదలకు కారణము ఊహించువాని తెలివి ఒక్కటియే కాదు. అతని ముందుంచిన పూర్వభాగము కూడ.

నేటి భాషా నమూనాలకు రెండు విధములైన పెట్టుబడి కలదు. మొదటిది శిక్షణలో గ్రహించినది. అది నమూనాలోని అంకెల రూపమున ముందే స్థిరపడియుండును. రెండవది ఆ సమయమున దాని ముందుంచిన పాఠము. దీనిని సందర్భము అందురు. అడుగువాడు వ్రాయు ప్రశ్న, అనగా ప్రాంప్టు, ఈ సందర్భములోని భాగము. 2017లో గూగుల్ పరిశోధకులు ప్రకటించిన ట్రాన్స్‌ఫార్మర్ అను నిర్మాణములో ప్రతి మాటకును సందర్భములోని ఇతర మాటలతో గల సంబంధము ఎంత బలమైనదో లెక్కింపబడును. 2020లో ఓపెన్ఏఐ సంస్థవారు 17,500 కోట్ల పరామితులుగల జీపీటీ-3 నమూనాను వర్ణించుచు, దాని లోపలి అంకెలను మార్చకయే, ప్రశ్నతో పాటు కొన్ని ఉదాహరణములను ఉంచినంతమాత్రముననే పెక్కు పనులలో అది మెరుగగుచున్నదని చూపిరి.

కొన్ని సాధనములు ఇంటర్నెట్టులో వెదకగలవు. కొన్ని వెనుకటి సంభాషణలను గుర్తుంచుకొనగలవు. అయినను రైతు పొలమును, రోగి శరీరమును, విద్యార్థి తరగతిని అవి చూడలేదు. చెప్పనిచోట అవి తమ శిక్షణలో ఎక్కువగా కనబడిన దానితో ఖాళీని పూరించును. ఇంటర్నెట్టులో ఇంగ్లీషు వ్రాతల పాలు మిక్కిలి హెచ్చు. తెలుగు వ్రాతలు స్వల్పము. కావున ఊరు, నేల, కొలత చెప్పని ప్రశ్నకు వేరొక దేశమునకు తగిన సమాధానము వచ్చుట వింత కాదు.

ఉపయోగకరమైన సంగతి ఏది?

అట్లని ప్రశ్నకు ముందు కథ అంతయు చెప్పవలసిన పని లేదు. ఏ సంగతి అవసరమో తేల్చుటకు ఒక సులభమైన పరీక్ష కలదు. ఆ సంగతి మారినచో సమాధానము మారునా? మారునట్లయినచో దానిని చెప్పవలెను. మారనిచో విడువవచ్చును. రైతు పేరు మారినంతమాత్రమున ఎరువు మారదు. పైరు వయస్సు మారినచో మారును.

ఈ పరీక్ష ప్రాణములకు సంబంధించినచోట ఎంత ముఖ్యమో మరియొక ఉదాహరణము చూపును. "బిడ్డకు జ్వరము, పారాసెటమాల్ సిరప్ ఎన్ని చెంచాలు పోయవచ్చును?" అని ఒక తల్లి అడిగినదనుకొందము. ఈ మందు మోతాదు సాధారణముగా బిడ్డ బరువునుబట్టి, కిలోకు 10 – 15 మిల్లీగ్రాములుగా నిర్ణయింపబడును. పది కిలోల బిడ్డకు ఒకసారికి 100 – 150 మిల్లీగ్రాములు. బజారులో దొరకు సిరపులలో 5 మిల్లీలీటర్లకు 120 మిల్లీగ్రాములు గలవియు, 250 మిల్లీగ్రాములు గలవియు కలవు. మొదటిదానిలో 5 మిల్లీలీటర్లు ఈ హద్దులో నుండును; రెండవదానిలో అదే 5 మిల్లీలీటర్లు హద్దును చాల దాటును. సీసాపై వ్రాసియున్న బలము, బిడ్డ బరువు, వయస్సు, అంతకుముందు ఎప్పుడు ఎంత ఇచ్చినది – ఇవి చెప్పక అడిగినచో "ఒక చెంచా" అను సమాధానమునకు అర్థమే లేదు. ఇంటి చెంచాలన్నియు ఒకే పరిమాణములో నుండవు కూడ. ఇవన్నియు చెప్పినను, పసిబిడ్డ విషయములో తుదిమాట వైద్యునిదే.

సామాన్యముగా సమాధానమును మార్చు సంగతులు ఆరు విధములుగా నుండును.

మొదటిది, సమాధానము ఎవరికొరకు అనునది. కిరణజన్య సంయోగక్రియను ఏడవ తరగతి బాలునకు చెప్పు తీరు వేరు. డిగ్రీ విద్యార్థికి చెప్పు తీరు వేరు.

రెండవది, ఎందులకు అనునది. పరీక్షకు చదువుకొనుటకా, పాఠము చెప్పుటకా, సంశయము తీర్చుకొనుటకా?

మూడవది స్థలకాలములు. తెలంగాణములో పొలమును గుంటలలో చెప్పుదురు. ఆంధ్ర ప్రాంతములో సెంట్లలో చెప్పుదురు. ఎకరమునకు 40 గుంటలు, లేక 100 సెంట్లు. కావున పది గుంటలనగా ఇరువదియైదు సెంట్లు. ఎరువును "బస్తా" యని చెప్పుటకంటె కిలోలలో చెప్పుట మేలు. వేపపూత యూరియా బస్తా 45 కిలోలు, డీఏపీ బస్తా 50 కిలోలు.

నాలుగవది, ఇదివరకు చేసిన ప్రయత్నములు. ఇవి చెప్పనిచో యంత్రము చేసిన పనినే మరల చేయుమనును.

అయిదవది హద్దులు: చేతిలోనున్న ద్రవ్యము, దినములు, పరికరములు.

ఆరవది, సమాధానము ఏ రూపమున కావలెననునది. పది పంక్తులలోనా, పట్టికగానా, తహసీల్దారుకు పెట్టుకొను అర్జీగానా?

పై సూత్రముల ననుసరించి మొదటి ప్రశ్నను ఈ విధముగా వ్రాయవచ్చును:

"నల్లగొండ జిల్లాలో బోరు క్రింద రెండెకరముల వరి. నాటి 22 దినములైనది. నేల కొంత చౌడు. లేత ఆకుల మొదటిభాగమున నడిమి ఈనె పాలిపోయినది. ముదురు ఆకులపై తుప్పురంగు మచ్చలున్నవి. పైరు అంతట గాక, అక్కడక్కడ గిడసబారినది. దమ్ములో ఎకరమునకు 50 కిలోల డీఏపీ వేసితిని; జింకు సల్ఫేటు వేయలేదు. మందులేమియు చల్లలేదు. సాధ్యమైన కారణములను వరుసగా చెప్పి, ఒక్కొక్కదానిని పొలములో ఏ గుర్తుచే నిర్ధారించుకొనవచ్చునో చెప్పుము. ఇంకను తెలియవలసిన దున్నచో ముందుగా అడుగుము."

ఇందు ప్రతి వాక్యమును కొన్ని కారణములను వెనుకకు నెట్టి, కొన్నింటిని ముందుకు తెచ్చుచున్నది. మచ్చల రంగు, నాటిన దినములు, చౌడు నేల, జింకు సల్ఫేటు వేయకపోవుట – ఇవన్నియు జింకు లోపమువైపు చూపుచున్నవి. చివరి రెండు వాక్యములు మరింత విలువైనవి. యంత్రము ఒక్క పేరు చెప్పి ఊరకుండక, రైతు తానై పరీక్షించుకొను మార్గమును కూడ చెప్పవలసివచ్చును. అడుగుమని చెప్పినచో, అధికారి వేయు ఎదురు ప్రశ్నలను యంత్రము కూడ వేయగలదు.

చూచినది, ఊహించినది

సంగతులు చెప్పుటలో ఒక మెళకువ కలదు. "లేత ఆకులు పాలిపోయినవి" అనునది చూచినది. "నత్రజని చాలలేదు" అనునది ఊహించినది. ఊహను సంగతివలె వ్రాసి, "నా పైరుకు నత్రజని చాలలేదు, యూరియా ఎంత వేయవలెను?" అని అడిగినచో, యంత్రము పెక్కుమార్లు ఆ ఊహను ప్రశ్నింపక యూరియా లెక్క చెప్పివేయును. అడుగువాని అభిప్రాయమునకు వంతపాడు స్వభావము ఈ నమూనాలలో కలదని 2023లో ప్రకటితమైన పరిశోధనలు చూపినవి. మనుష్యుల మెప్పును ఆధారముగా గొని ఇచ్చిన శిక్షణ దీనికి ఒక కారణమని ఆ పరిశోధకులు భావించిరి.

కనుక ముందు కన్నులకు కనబడినది వ్రాయవలెను. ఊహ యున్నచో దానిని వేరుగా, "ఇది నత్రజని లోపమని పొరుగువారు అనుచున్నారు, కాకపోవచ్చునా?" అని అడుగవలెను. ప్రయోగశాలలో విద్యార్థులకు నేర్పు మొదటి పాఠము కూడ ఇదియే: పరిశీలనలను ఒక పుటలోను, నిర్ణయమును వేరొక పుటలోను వ్రాయవలెను.

అప్రస్తుత ప్రసంగము

అష్టావధానము చూచినవారికి దత్తపది తెలిసినదే. పృచ్ఛకుడు నాలుగు పదములిచ్చి, విషయమును, వృత్తమును నిర్దేశించును. ఆ నియమములే పద్యమునకు దారి చూపును. అదే సభలో అప్రస్తుత ప్రసంగము చేయు పృచ్ఛకుడు ఒకడుండును. అవధాని ధారను చెదరగొట్టుటయే అతని పని. ప్రశ్నలో చేర్చు సంగతులు కూడ ఈ రెండు తెగలుగా నుండును. కొన్ని దత్తపదులు, కొన్ని అప్రస్తుత ప్రసంగములు. అవధాని చమత్కారముతో తప్పించుకొనును. యంత్రమునకు ఆ నేర్పు అన్నివేళల ఉండదు. చిన్న తరగతుల లెక్కలలో అక్కరలేని వాక్యమొకటి చొప్పించినప్పుడు భాషా నమూనాలు తప్పుచేయుట హెచ్చినదని 2023లోని ఒక అధ్యయనము చూపినది. సుదీర్ఘమైన పాఠములో ముఖ్యమైన సంగతి నడుమ ఉన్నచో, ఆరంభమున గాని అంతమున గాని ఉన్నప్పటికంటె దానిని నమూనాలు తక్కువగా వినియోగించుకొనెనని అదే సంవత్సరము మరియొక అధ్యయనము తెలిపినది. అటుతరువాత నమూనాలు మెరుగుపడినను, జాగ్రత్త ఇప్పటికిని మంచిదే.

యంత్రము ఒక్కసారికి గ్రహింపగల పాఠమునకు ఒక హద్దు కూడ కలదు. కంప్యూటరులో సామాన్యముగా వాడు యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు, తెలుగు గుర్తునకు మూడు బైట్లు పట్టును. పెక్కు నమూనాలు తెలుగు మాటను ఎక్కువ ముక్కలుగా విడగొట్టుటచే ఆ హద్దు తెలుగువారికి త్వరగా వచ్చును. కావున ముఖ్యమైన సంగతులను ముందుంచి, అసలు ప్రశ్నను స్పష్టముగా చివర వ్రాయుట మేలు.

చెప్పకూడని సంగతులు కూడ కలవు. ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా వివరములు, ఫోనుకు వచ్చు ఓటీపీ ఏ ప్రశ్నకును అక్కరలేదు. వ్రాసిన మాటలు సంస్థల కంప్యూటర్లకు చేరును. కొన్ని సేవలలో అవి నిలువచేయబడి, శిక్షణకు కూడ వాడబడవచ్చును. రోగి పరీక్షా ఫలితములను గూర్చి అడుగునప్పుడు అంకెలు చాలును. పేరు, చిరునామా తీసివేయవచ్చును. ముందు చెప్పిన పరీక్షయే ఇక్కడను పనిచేయును: పేరు మారినను సమాధానము మారదు.

హద్దులు

సంగతులన్నియు చక్కగా చెప్పినంతమాత్రమున సమాధానము సత్యమగునని తలచరాదు. యంత్రము సమాధానమును ఆ సందర్భమునకు తగినట్లు మలచును. అది నిజమని హామీ ఇయ్యలేదు. లేని గ్రంథములను, లేని ఉత్తరువులను ఉన్నట్లు చెప్పిన సందర్భములు కలవు. కావున మందుల విషయమున వైద్యుని, పైరు విషయమున కృషి విజ్ఞాన కేంద్రమును లేక వ్యవసాయాధికారిని, చట్టము విషయమున న్యాయవాదిని సంప్రదించుట విడువరాదు. అట్టివారివద్దకు పోవునప్పుడు కూడ ముందే కూర్చుకొన్న ఆ సంగతులు పనికివచ్చును.

ఈ పద్ధతివలన కలుగు మరియొక ప్రయోజనమును గుర్తింపవలెను. పై ప్రశ్నను వ్రాయవలెనన్నచో రైతు పొలములోనికి దిగి, ముదురు ఆకును, లేత ఆకును వేరువేరుగా చేతబట్టి చూడవలెను. నాటిన దినములు లెక్కింపవలెను. వేసిన ఎరువును జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. తల్లి సిరప్ సీసాపైని చిన్న అక్షరములను చదువవలెను. యంత్రము ఇంకను ఒక్క మాటయైనను పలుకకముందే, సమస్యలో సగభాగము తేటపడియుండును. మిగిలిన సగమునకు యంత్రమునో, నిపుణునో అడుగవచ్చును.